మొదటిసారి క్రూయిజ్ పోయేటోళ్లకు: వరంగల్ నుంచి బయల్దేరి మళ్లీ ఇల్లు చేరేదాక వరుసగా ఏం చేయాలె

షిప్ ఎక్కి వచ్చిన ఫొటోలు స్టేటస్ పెట్టిన కాడి నుంచి ఒకటే ఫోన్లు. "కడుపుల తిప్పలేదా", "తొక్కు తీసుకపోనిస్తరా", "మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కగలుగుతదా", "హన్మకొండ నుంచి ఎట్ల పోవుడు". ఒక్కొక్కరికి విడిగా చెప్పి చెప్పి గొంతు పోయింది, అందుకే అంతా ఒక్క దగ్గర రాస్తున్న.

మేము రెండుసార్లు పోయినం, రెండుసార్లూ అత్తమ్మ మామయ్యలతోనే. మొదటిసారి ముంబై నుంచి మూడు రాత్రులు, అప్పుడు చేయగలిగిన తప్పులన్నీ చేసినం. రెండోసారి సింగపూర్ నుంచి నాలుగు రాత్రులు, ఆయింత హాయిగా అయింది. షిప్ లో ఏమేముంటయో చూపించే వీడియోలు మస్తున్నయ్, అవి మీరే చూసుకోండి. ఏది ముందు చేయాలె, ఏది తర్వాత చేయాలె అనేదే నేను చెప్తున్న, ఎందుకంటే మా మొదటి ట్రిప్ ని సముద్రం ఏమీ చేయలే, వరుస తప్పి మేమే పాడు చేసుకున్నం.

1. ఎక్కడ ఎక్కాలె, ఏ నెలల పోవాలె

లక్నవరంల బోటు, పాకాల కట్ట మీద షికారు తప్ప మన దిక్కు నీళ్ల ప్రయాణం లేదు. ఏ ఓడరేవు అనుకున్నా మనకు ఒక రాత్రి రైలు ప్రయాణం, లేకపోతే శంషాబాద్ నుంచి విమానం. మనకు వీలైన దారులు ఇవి:

- ముంబై: కార్డీలియా షిప్ గోవా, కొచ్చి, లక్షద్వీప్ దిక్కు తిరుగుతది. ఎక్కేది బల్లార్డ్ ఎస్టేట్ కాడ, సీఎస్‌ఎంటీ స్టేషన్ నుంచి దగ్గరే.
- చెన్నై: శ్రీలంక దిక్కు పోయే ట్రిప్పులు ఇక్కడి నుంచి ఉంటయ్. వరంగల్ ల చార్మినార్ గానీ తమిళనాడు ఎక్స్‌ప్రెస్ గానీ ఎక్కితే సరిపోతది.
- విశాఖపట్నం: ఏడాది పొడుగూతా ఉండదు, కొన్ని సీజన్లలోనే పుదుచ్చేరి, చెన్నై దిక్కు నడిపిన్రు. ఉంటే మాత్రం మనకు ఇదే సుఖం, రాత్రి గోదావరి ఎక్కితే పొద్దుగాల వైజాగ్.
- సింగపూర్: పెద్ద పెద్ద షిప్పులు, మలేషియా పెనాంగ్, థాయ్‌లాండ్ ఫుకెట్ దిక్కు పోతయ్. ఖర్చు ఎక్కువ, కాగితాల పని ఎక్కువ.

నెల ఎంచుకునేటప్పుడు పిల్లల సెలవులు ఒక్కటే చూడకండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాక అరేబియా సముద్రం వానల మీద ఉంటది, అలలు గట్టిగా ఉంటయ్. బంగాళాఖాతంల అక్టోబర్ నుంచి డిసెంబర్ దాక తుఫాన్ల కాలం. మొదటిసారి అయితే మన దేశం నుంచి పోయే ట్రిప్ కి జనవరి నుంచి మార్చి దాక మంచిది అని నా లెక్క. సింగపూర్ దిక్కు మలక్కా జలసంధి రెండు పక్కలా భూమి ఉన్న సముద్రం కాబట్టి ఊపు తక్కువ, కాకపోతే జూన్ లో, డిసెంబర్ లో అక్కడి బడులకు సెలవులు, రేట్లు మండుతయ్.

2. ఎన్ని రాత్రులు, ఏ రూమ్

మొదటిసారి మూడు లేదా నాలుగు రాత్రులు చాలు. రెండు రాత్రుల ట్రిప్ తీసుకోకండి, ఎక్కుడు దిగుడులోనే అయిపోతది, షిప్ లో తోవలు తెలిసే లోపట ఇంటికి రమ్మంటరు. ఏడు రాత్రులు అంటే, పడకపోతే నడి సముద్రంల ఎక్కడికి పోతం?

రూములు నాలుగు రకాలు. లోపలి రూమ్ కి కిటికీ ఉండదు, కిటికీ రూమ్ లో కిటికీ ఉంటది కానీ తెరుచుకోదు, తర్వాత బాల్కనీ, ఆపైన సూట్. లోపలి రూమ్ సస్తా, లైట్ బంద్ చేస్తే పొద్దెక్కిందో లేదో తెలవది. మేమిద్దరమే అయితే లోపలిదే తీసుకుంట, రూమ్ లో ఉండేది పండుకునే యాళ్లనే కదా. కానీ పెద్దోళ్లతో పోతే బాల్కనీ తీసుకోండి, పైసలు ఎక్కువైనా సరే. మామయ్య రోజుల సగం బాల్కనీలనే కూసున్నడు, ఎక్కడికీ రా అంటే రాలే, గదే ఆయనకు ట్రిప్.

రూమ్ రకం కంటే రూమ్ ఎక్కడున్నది అనేది ముఖ్యం. ఆర్టీసీ బస్సుల చివరి సీటు ఎగిరినట్టు మధ్య సీటు ఎగరదు చూడండి, షిప్ కూడా అంతే. ముందు భాగంల, వెనుక భాగంల, పై అంతస్తులల్ల ఊపు ఎక్కువ తెలుస్తది. మధ్యల, కింది అంతస్తులల్ల తక్కువ. కడుపుల తిప్పుతదని బుగులు ఉన్నోళ్లు అదే తీసుకోవాలె.

ఇంకొక్కటి, డెక్ ప్లాన్ అని షిప్ మ్యాప్ ఉంటది, అది తెరిచి మీ రూమ్ పైన ఏమున్నదో చూడండి. పైన, కింద కూడా రూములే ఉంటే నిమ్మళంగా నిద్ర పడతది. మాకు మొదటిసారి పైన స్విమ్మింగ్ పూల్ అంతస్తు వచ్చింది, తెల్లారక ముందే కుర్చీలు గుంజుడు సప్పుడు, నిద్ర పోయినట్టే లేదు. "రూమ్ నంబర్ మేమే ఇస్తం, రేటు తగ్గిస్తం" అనే ఆఫర్ ఉంటది, పెద్దోళ్లు ఉంటే దాని జోలికి పోవద్దు.

3. రేటు పూర్తిగా కూడుకున్నాకనే పైసలు కట్టండి

యాడ్ లో కనిపించే రేటు మనిషికి, అది కూడా ఒక రూమ్ లో ఇద్దరు ఉంటరని లెక్కపెట్టి చెప్పేది. ఒక్కరే పోతే దాదాపు ఇద్దరి రేటు పడొచ్చు. ఇగ దాని మీద:

- పోర్ట్ చార్జీలు, టాక్సులు
- గ్రాట్యుటీ, అంటే పనోళ్లకు ఇచ్చే టిప్పు. చాలా కంపెనీలు రోజుకు మనిషికి ఇంత అని బిల్లులోనే వేస్తయ్. విదేశీ షిప్పులల్ల 15 నుంచి 20 డాలర్ల మధ్యల ఉంటది. 18 అనుకున్నా నలుగురికి నాలుగు రాత్రులకు 288 డాలర్లు, చిన్న పైసలు కావు
- ఇన్సూరెన్స్
- రైలు లేదా విమానం, ముందు రాత్రి హోటల్
- విదేశీ టూర్ ప్యాకేజీ అయితే టీసీఎస్, అంటే ప్యాకేజీ అమ్మేటోళ్లు మన దగ్గర ముందే వసూలు చేసే ఇన్‌కం టాక్స్. అది ఐటీ రిటర్న్ లో చూపించుకోవచ్చు, రసీదు పారేయకండి
- ఒడ్డు దిగినప్పుడు టూర్లు, టాక్సీలు
- షిప్ లో వైఫై, కూల్‌డ్రింకులు, ఫొటోలు

ఏజెంట్ ని ఒక్క మాట అడగండి: "అన్నీ కలిపి, ఇంక షిప్ లో కట్టేది ఏమేముంటది, రాసియ్యండి." నోటితో చెప్పింది లెక్కల రాదు. క్యాన్సిల్ చేస్తే ఎంత కోస్తరు, ఏ తారీకు దాటితే ఎంత పోతది అనేది కూడా అదే కాగితంల ఉండాలె.

ఇన్సూరెన్స్ తీసుకుంటే ఆస్పత్రి ఖర్చుతో పాటు షిప్ నుంచి ఒడ్డుకు తరలించే ఖర్చు కూడా అందుల ఉన్నదా చూడండి. షిప్ లో డాక్టర్ ఉంటడు, చూపించుకుంటే బిల్లు మాత్రం మామూలుగ ఉండదు.

4. కాగితాలు

మన దేశం లోపలే తిరిగే ట్రిప్ కి ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చాలు, పాస్‌పోర్ట్ అక్కర లేదు. పిల్లలకు కూడా ఏదో ఒకటి ఉండాలె, "చిన్నపిల్లగాడే కదా" అంటే గేటు కాడ నడవది.

శ్రీలంక అయినా, సింగపూర్ అయినా పాస్‌పోర్ట్ తప్పదు, తిరిగొచ్చే తారీకు తర్వాత ఇంకా ఆరు నెలలు నడిచేటట్టు ఉండాలె. లేనోళ్లకు వరంగల్ లోనే పోస్టాఫీసు పాస్‌పోర్ట్ కేంద్రం ఉన్నది, హైదరాబాద్ ఉరుకే పని లేదు. పేరు ఒక్కో కాగితంల ఒక్కో తీరు ఉంటే ముందు అది సరి చేసుకోండి. మన ఇండ్లల్ల ఇంటిపేరు ఒకదాంట్ల ముందు, ఒకదాంట్ల వెనుక, ఇంకోదాంట్ల అసలే ఉండదు. క్రూయిజ్ టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్ ల ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండ ఉండాలె.

వీసా దగ్గర అందరూ తప్పు చేసేది ఇక్కడ: "మేము పెనాంగ్ ల దిగం, షిప్ లోనే ఉంటం, మాకెందుకు" అంటరు. షిప్ ఆగే ప్రతి దేశానికి ఏం కావాల్నో అది ఉంటేనే ఎక్కనిస్తరు, మీరు దిగినా దిగకపోయినా. నిబంధనలు మారుతుంటయ్, బుక్ చేసేటప్పుడు ఒకసారి, పోయే నెల ముందు ఇంకోసారి చూసుకోండి.

సింగపూర్ కి మనోళ్లకు వీసా కావాలె, ఫారం 14ఏ నింపి ఏజెంట్ ద్వారా ఇయ్యాలె. షిప్ ఎక్కితే సింగపూర్ నుంచి బయటికి పోయినట్టే లెక్క, మళ్లీ లోపలికి వస్తరు, కాబట్టి వీసా మల్టిపుల్ ఎంట్రీ అని ఉన్నదా చూసుకోండి. విమానం దిగే ముందు మూడు రోజులల్ల ఆన్‌లైన్ లో అరైవల్ కార్డు నింపాలె, షిప్ దిగి మళ్లీ సింగపూర్ ల అడుగు పెట్టేటప్పుడు ఇంకోటి. అది ఫ్రీ, పైసలు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది అసలుది కాదు.

గర్భిణీలను 24 వారాలు దాటితే చాలా కంపెనీలు ఎక్కనియ్యవు. ఆరు నెలల లోపు పసిపిల్లల్ని కూడా అంతే. వీల్‌చైర్ కావాలంటే బుక్ చేసేటప్పుడే చెప్పాలె, ఆ రోజు పోయి అడిగితే దొరుకుతదని నమ్మకం లేదు.

5. రెండు బ్యాగుల లెక్క

ఇదే అన్నిటికన్నా ముఖ్యం, జెర నిమ్మళంగా చదవండి.

టెర్మినల్ కాడ పెద్ద బ్యాగులు తీసుకుంటరు. అవి స్కానింగ్ అయి మీ రూమ్ తలుపు కాడికి వచ్చేసరికి సాయంత్రమో రాత్రో అయితది. అంటే ఎక్కిన రోజు నాలుగైదు గంటలు మీ చేతిల ఉన్న చిన్న బ్యాగే మీ ఇల్లు.

మొదటి ట్రిప్ ల నేను ఇస్త్రీ పెట్టె పెద్ద బ్యాగుల పెట్టిన. మామయ్య బీపీ గోళీలు కూడా అదే బ్యాగుల. ఇస్త్రీ పెట్టె ఉన్నదని బ్యాగు ఆపేసిన్రు, అందరి బ్యాగులు వచ్చినయ్, మాది రాలే. అడిగితే కింద సెక్యూరిటీ రూమ్ కి పోయి, తెరిచి చూపించి, ఇస్త్రీ పెట్టె అక్కడ ఒప్పజెప్పి, గోళీలు పట్టుకొని వచ్చేసరికి రాత్రి 8 దాటింది. ఇంట్ల ఇప్పటికీ ఆ ఇస్త్రీ పెట్టెను "షిప్ పెట్టె" అనే అంటరు.

షిప్ లోకి రానియ్యనివి: ఇస్త్రీ పెట్టె, కెటిల్, కరెంటు కుక్కర్, ఇండక్షన్ పొయ్యి, ఎక్స్‌టెన్షన్ బాక్స్, అగరబత్తులు, దీపాలు, కొవ్వొత్తులు, కత్తులు, డ్రోన్, బయట కొన్న తాగే మందు (బీరు, విస్కీ లాంటివి). నడి సముద్రంల మంట లేస్తే ఫైరింజన్ రాదు కదా, అందుకే అంత గట్టిగా ఉంటరు. రోజూ దీపం పెట్టే అలవాటు ఉన్న పెద్దోళ్లకు ఈ ముచ్చట ఇంట్లనే చెప్పండి. అత్తమ్మ వత్తులు, నూనె సీసా సదురుకున్నది, చివరికి నాలుగు రోజులు దండం పెట్టుకొనుడుతోనే సరిపెట్టుకున్నది.

తొక్కు సంగతి. ఇంట్ల పెట్టిన తొక్కు, పొడులు, వండిన కూరలు చాలా షిప్పులల్ల నడవయి. కంపెనీ సీల్ ఉన్న చిన్న ప్యాకెట్లకు సాధారణంగా ఏమనరు. సకినాలు, మడుగులు కూడా సీల్ చేసిన ప్యాకెట్ అయితేనే ఆశ పెట్టుకోండి. మీ షిప్ రూల్ ఏందో ముందే అడగండి. సింగపూర్ పోయేటోళ్లు గసాలు అసలే తీసుకపోవద్దు, అక్కడ నిషేధం, మసాలా డబ్బాల కలిసి ఉంటే కూడా తీసేయండి. గుట్కా, జర్దా, ఈ-సిగరెట్లు, చూయింగ్ గమ్ కూడా అంతే.

చిన్న బ్యాగుల ఉండాల్సినవి:

- పాస్‌పోర్ట్ లేదా ఆధార్, బోర్డింగ్ పాస్ ప్రింట్, జిరాక్సులు
- అందరి మందులు, రెండు రోజులు ఎక్కువనే, డాక్టర్ చీటీతో సహా
- కడుపుల తిప్పకుండ వేసుకునే గోళీలు
- ఫోన్ చార్జర్, అన్ని దేశాల సాకెట్లకు సరిపోయే అడాప్టర్
- ఒక జత బట్టలు, ఈత బట్టలు
- కార్డు, కొంత నగదు
- కళ్లద్దాలు, బంగారం ఉంటే అది కూడా

పెద్ద బ్యాగుల మర్చిపోయే వస్తువులు: ప్లాస్టిక్ మగ్గు (నవ్వకండి, చాలా విదేశీ షిప్పుల బాత్రూముల్ల కాయితమే ఉంటది), శాలువా (థియేటర్ ల ఏసీకి పండ్లు కొట్టుకుంటయ్), చెప్పులు, మాగ్నెట్ కొక్కేలు. రూమ్ గోడలు ఉక్కువి, కొక్కేలు అతుక్కుంటయ్, తడి టవళ్లు వేసుకోవచ్చు. చిన్న రూమ్ ల నలుగురి బట్టలు ఆరేసుడు అంటే ఏందో ఉన్నోళ్లకే తెలుస్తది.

పూల్ లోకి నైలాన్ ఈత బట్టలు ఉంటేనే దిగనిస్తరు, లుంగీ, చీర, చుడీదార్, జీన్స్ నడవయి.

6. ఒకరోజు ముందే ఆ ఊరు చేరండి

షిప్ మన కోసం ఆగదు. "కాజీపేటల రైలు మూడు గంటలు లేటు అన్నా" అంటే అక్కడ వినేటోడు ఉండడు, పైసలు వాపస్ రావు. ముందు రోజే పోయి, ఓడరేవుకు దగ్గర్ల హోటల్ తీసుకొని, రాత్రి మంచిగ తిని పండుకోండి. సింగపూర్ అయితే ఇంకా ముఖ్యం. అక్కడ రెండు టెర్మినల్స్ ఉన్నయ్, మెరీనా బే క్రూయిజ్ సెంటర్ ఒకటి, హార్బర్‌ఫ్రంట్ కాడ సింగపూర్ క్రూయిజ్ సెంటర్ ఇంకోటి. పేర్లు ఒకే తీరు ఉన్నట్టు అనిపించి టాక్సీల తప్పు దానికి పోతరు. మీ టికెట్ మీద ఏదున్నదో ఫోన్ లో ఫొటో తీసిపెట్టుకోండి.

వెబ్ చెక్-ఇన్ ఇంటి కాడనే చేసేయండి. ఫొటో, పాస్‌పోర్ట్ వివరాలు పెడితే ఎక్కే టైమ్ స్లాట్ ఇస్తరు. స్లాటులు తెరిచిన రోజే పెడితే పొద్దున స్లాట్ దొరుకుతది. బ్యాగు ట్యాగులు కూడా ప్రింట్ తీసి, ప్లాస్టిక్ కవర్ల పెట్టి, గట్టిగా కట్టండి.

7. ఎక్కే రోజు ఈ వరుసల చేయండి

1. టెర్మినల్ గేటు కాడ పెద్ద బ్యాగులు ఇచ్చేయండి, ట్యాగ్ ఉన్నదా ఒకసారి చూసి.
2. కౌంటర్ ల కాగితాలు చూపిస్తే షిప్ కార్డు ఇస్తరు. రూమ్ తాళం, పర్సు, గుర్తింపు అన్నీ అదే, మెడల వేసుకోండి.
3. ఆ కార్డుకు మీ బ్యాంకు కార్డు లింక్ చేస్తరు. క్రెడిట్ కార్డు ఇవ్వండి. డెబిట్ కార్డు ఇస్తే కొంత మొత్తం ఆపి పెడతరు, దిగినాక కూడా కొన్ని రోజులు మన పైసలు మనకు రావు. విదేశీ షిప్ అయితే కార్డులో ఇంటర్నేషనల్ ఆన్ చేసే పని ఇంట్లనే చేసుకోవాలె. సముద్రం మీద స్కాన్ చేసి కొడదాం అనుకుంటే కుదరది.
4. లోపలికి పోంగనే అందరూ బఫే మీద పడతరు, మేడారం జాతరల గద్దెల కాడ ఉన్నట్టు ఉంటది. కింద పెద్ద డైనింగ్ హాల్ తెరిచి ఉన్నదా అడగండి, ఉంటే అక్కడ కూసొని తినొచ్చు.
5. రాత్రి షోలు, స్పెషల్ రెస్టారెంట్లు బుక్ చేసేది ఉంటే అప్పుడే చేసేయండి, సాయంత్రానికి నిండుతయ్.
6. రూమ్ కి పోయి లైఫ్ జాకెట్ ఎక్కడున్నదో, తలుపు వెనుక మ్యాప్ ఏం చెప్తున్నదో చూడండి.
7. సేఫ్టీ డ్రిల్. ఎవరూ ఎగ్గొట్టద్దు.

డ్రిల్ గురించి రెండు ముక్కలు. 2012 జనవరిల ఇటలీ కాడ కోస్టా కాంకార్డియా షిప్ ఒరిగిపోయి 32 మంది చనిపోయిన్రు, ఆ రోజే ఎక్కినోళ్లకు అప్పటికి డ్రిల్ కూడా కాలే. ఆ తర్వాత నుంచి షిప్ కదిలే ముందు గానీ కదలంగనే గానీ డ్రిల్ అయిపోవాలె అని రూల్. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే మీ కార్డు మీద రాసి ఉన్న జాగకు పోవాలె, గంతే. పిల్లలకు ఈ లెక్క ఆట లెక్క నేర్పియ్యండి.

8. ఫోన్ ఏరోప్లేన్ మోడ్ లో పెట్టుడు

షిప్ ఒడ్డు దాటినాక శాటిలైట్ తో నడిచే షిప్ నెట్‌వర్క్ ఒకటి ఫోన్ కి దానంతట అదే అంటుకుంటది. మామూలు విదేశీ రోమింగ్ ప్యాక్ లు చాలామటుకు దాన్ని కవర్ చేయవు. మా ఆయన ఫోన్ జేబులనే ఉన్నది, ఎవరికీ చేయలే, గ్రూపులల్ల గుడ్ మార్నింగ్ ఫొటోలు వాటంతట అవే దిగినయ్. ఇంటికి వచ్చినాక బిల్లు వేలల్ల వచ్చింది. ఆ నెలంతా మా ఇంట్ల ఎవరికీ గుడ్ మార్నింగ్ లేదు.

- షిప్ కదలంగనే మీతోని తెచ్చుకున్న అన్ని ఫోన్లు, పిల్లల టాబ్ తో సహా, ఏరోప్లేన్ మోడ్. తర్వాత వైఫై మాత్రం ఆన్ చేయండి.
- చాలా షిప్పులకు సొంత యాప్ ఉంటది, ప్యాక్ కొనకపోయినా షిప్ వైఫై మీద అది నడుస్తది. ఎక్కే ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.
- నెట్ కావాలంటే ఒక్క ఫోన్ కి ప్యాక్ తీసుకొని ఇంటోళ్లకు పొద్దున మాపున ఒక మెసేజ్ పెట్టండి. ఊర్ల ఉన్నోళ్లకు "నాలుగు రోజులు ఫోన్ కలవది, పరేషాన్ కావద్దు" అని ముందే చెప్పి పోవాలె.
- ఫోన్లు లేకుండ ఒకరినొకరు దొరకబట్టుకునుడు కష్టం. "గంటకు లిఫ్టు కాడ" అంటే ఎన్ని లిఫ్టులు ఉంటయో! ఫలానా అంతస్తు, ఫలానా కౌంటర్ అని గట్టిగా అనుకోండి.

9. కడుపుల తిప్పుతే

అందరికీ తిప్పది. బస్సుల ఘాట్ రోడ్డు మీద వాంతులు చేసుకునేటోళ్లు మాత్రం ముందే తయారుగా ఉండాలె. అవోమిన్ లాంటి గోళీ తిప్పుడు మొదలుగాక ముందే వేసుకుంటేనే పని చేస్తది, తిప్పినాక వేసుకుంటే అది కూడా బయటికే వస్తది. నిద్ర మత్తు వస్తది. గ్లాకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దోళ్లు, చిన్న పిల్లలు, గర్భిణీలు డాక్టర్ ని అడగకుండ వేసుకోవద్దు.

తిప్పుతున్నట్టు అనిపిస్తే రూమ్ ల పండుకోకండి, ఫోన్ చూడకండి. మధ్య భాగంల బయటి డెక్ మీదికి పోయి దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీతను చూస్తూ నిలబడండి. అల్లం ముక్క, గ్రీన్ యాపిల్, పొడి బిస్కెట్లు నడుస్తయ్. ఖాళీ కడుపుతో ఉంటే ఇంకా ఎక్కువైతది, నూనె తిండి తింటే కూడా ఎక్కువైతది.

10. తిండి

మామూలు బఫే, పెద్ద డైనింగ్ హాల్ రేటులోనే ఉంటయ్. స్పెషల్ రెస్టారెంట్లు, కూల్‌డ్రింకులు, మందు వేరే. మందు ప్యాకేజీ తీసుకునే ముందు లెక్క వేయండి, కొన్ని కంపెనీలు ఒక రూమ్ ల ఒకరు తీసుకుంటే ఇంకో పెద్దమనిషి కూడా తీసుకోవాలె అంటయ్, తాగని మనిషికి ఎందుకు కట్టుడు? బఫే కాడ మంచి నీళ్లు ఫ్రీ, సీసా నింపుకొని రూమ్ ల పెట్టుకోండి. రూమ్ ఫ్రిజ్ ల సీసా తీస్తే బిల్లు పడుతది.

శాకాహారం, జైన్ తిండి బుక్ చేసేటప్పుడే రాయించండి. మొదటి రాత్రే డైనింగ్ హాల్ హెడ్ వెయిటర్ ని పిలిచి "రేపు అన్నం, పప్పు, కారంగా ఏదన్న కూర కావాలె" అని చెప్తే చాలా షిప్పుల్లో చేసి పెడతరు. వెయిటర్లల్ల, వంటోళ్లల్ల మన దేశపోళ్లు మస్తుమంది ఉంటరు. వాళ్ల కారం మన వరంగల్ కారం కాదు, అందుకే ఆ సీల్ తొక్కు ప్యాకెట్లు.

ప్రతి ముద్దకు ముందు సబ్బుతో చేతులు కడుగుడు. షిప్ ల వాంతులు విరేచనాలు పట్టుకుంటే ఒకరి నుంచి ఒకరికి తొందరగా పాకుతయ్, దాన్ని తెచ్చే నోరోవైరస్ అనే క్రిమికి శానిటైజర్ అంతగా పని చేయదు.

11. రోజు ఎట్ల గడపాలె

రాత్రి రూమ్ ల రేపటి ప్రోగ్రాముల షీట్ పెడతరు, లేకపోతే యాప్ ల వస్తది. దాంట్ల ముప్పై నలభై ముచ్చట్లు ఉంటయ్. మేము మొదటిసారి అన్నీ చూడాలె అని ఉరికినం, పైసలు కట్టినం కదా అని, ఏదీ సగం చూడలే, పిల్లలు ఏడుపు, అత్తమ్మ కాళ్లు వాచినయ్. ఇప్పుడు రోజుకు మూడింటి చుట్టే గీత గీస్తం: పొద్దున ఒకటి, మాపటి జాముల ఒకటి, రాత్రి ఒకటి. మిగిలిన యాళ్ల డెక్ మీద కుర్చీ.

పూల్ ఖాళీగా ఉండేది పొద్దున్నే, ఇంకోటి షిప్ రేవులో ఆగి అందరూ ఊర్లకు పోయినప్పుడు. డైపర్ వేసుకునే పిల్లల్ని పూల్ ల దింపనియ్యరు. మూడేండ్లు దాటిన పిల్లలకు చాలా షిప్పుల్లో పిల్లల క్లబ్ ఉంటది, ఎక్కిన రోజే పేరు రాయించండి. సూర్యోదయం ఒక్కసారన్నా చూడండి, టీ కప్పు పట్టుకొని, పై డెక్ మీద ఒక్క మనిషి ఉండడు.

12. ఒడ్డు దిగినప్పుడు టైమ్ తప్పద్దు

రేవుల దిగే ముందు రెండు టైములు రాసుకోండి: షిప్ కదిలే టైమ్, అందరూ లోపల ఉండాల్సిన టైమ్. రెండోది ముందుంటది, సాధారణంగా అర గంట నుంచి గంట ముందు. దానికంటే ఇంకో గంట ముందు మీరు గేటు కాడ ఉండాలె, ఇది నా రూల్.

షిప్ టైమ్, ఊరి టైమ్ ఒకటి కాకపోవచ్చు. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు, ఫుకెట్ సింగపూర్ కంటే గంట వెనుక. ఫోన్ అక్కడి టవర్ పట్టుకొని టైమ్ మార్చేస్తది, మీరు గంట ఉన్నదనుకుంటరు, షిప్ పోయి ఉంటది. మామూలు చేతి గడియారం షిప్ టైమ్ కి పెట్టుకొని పోండి.

షిప్ వాళ్ల టూర్ ఖర్చు ఎక్కువ, కానీ ఆ బస్సు లేటయితే షిప్ ఆగుతది, లేకపోతే వాళ్లే చూసుకుంటరు. సొంతంగా టాక్సీ తీసుకుంటే సస్తా, లేటయితే మీ బాధ మీదే. దూరం పోయేది ఉంటే షిప్ టూర్, దగ్గర్ల బజారు, గుడి చూసేది ఉంటే సొంతంగా, మేము గిట్లనే చేస్తం.

లక్షద్వీప్ లాంటి చోట్ల పెద్ద షిప్ ఒడ్డుకు రాదు, దూరంగా ఆగితే చిన్న బోట్లల్ల తీసుకపోతరు. అలలు ఎక్కువుంటే ఆ దిగుడు ఆపేస్తరు. దాని మీదనే ఆశ పెట్టుకొని పోకండి. బోటు ఊగుతుంటే ఎక్కి దిగుడు మోకాళ్ల నొప్పులోళ్లకు కష్టం, వాళ్లను షిప్ లోనే ఉండనియ్యండి.

దిగేటప్పుడు జేబుల: షిప్ కార్డు, గుర్తింపు కాగితం జిరాక్సు (అసలుది అడుగుతరేమో ముందు రాత్రి కనుక్కోండి), ఆ దేశం పైసలు కొన్ని, నీళ్లు, రోజు షీట్ మీద ఉండే రేవు ఏజెంట్ (ఆ ఊర్ల షిప్ తరఫు మనిషి) నంబర్. షిప్ ల నుంచి పండ్లు, వండిన తిండి ఒడ్డుకు తీసుకపోవద్దు, జరిమానా పడొచ్చు.

13. చివరి రాత్రి, దిగుడు

చివరి రాత్రి పెద్ద బ్యాగులు ట్యాగ్ కట్టి 10, 11 గంటల లోపట తలుపు బయట పెట్టాలె. పెట్టే ముందు తెల్లారి వేసుకునే బట్టలు, చెప్పులు, మందులు, పాస్‌పోర్ట్ పక్కకు తీసుకోండి. మా మరిది మస్తు జోరుగా అన్నీ సదిరి బయట పెట్టిండు, పొద్దుగాల చూస్తే ఒంటి మీద లుంగీ తప్ప ఏం లేదు. అందరి ముందు, లుంగీ మీద కోటు వేసుకొని, ఇమ్మిగ్రేషన్ లైన్ ల నిలబడ్డడు.

బిల్లు కూడా ఆ రాత్రే యాప్ ల గానీ టీవీల గానీ చూడండి. తప్పుంటే రాత్రే కౌంటర్ కి పోవాలె, పొద్దున లైన్ ఏనుమాముల మార్కెట్ ల మిర్చి సీజన్ లెక్క ఉంటది.

దిగే రోజు రైలు గానీ విమానం గానీ మధ్యాహ్నం తర్వాతనే పెట్టుకోండి. షిప్ పొద్దుగాల ఆగుతది, మనం బయటపడేది మాత్రం బ్యాగులు, లైన్లు దాటినాకనే.

ఇంటికి వచ్చినాక ఒకటి రెండు రోజులు నేల ఊగినట్టు ఉంటది, నిలబడి స్నానం చేస్తుంటే చెయ్యి గోడ మీదికి పోతది. బీపీ అనుకొని ఆగం కావద్దు, అది ఓడ ఊపు, పోతది. నాలుగైదు రోజులైనా పోకపోతే అప్పుడు డాక్టర్ కి చూపించుకోండి.